లింకు వాళ్లది.. కాపీ మీది!

పొద్దున పది గంటలకు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు రివ్యూ. ముందురోజు రాత్రి పదకొండున్నర దాటింది. హాస్టల్ గదిలో నలుగురం ఉన్నాం. నా ల్యాప్‌టాప్ మొరాయిస్తే ఆ సాయంత్రమే ఫార్మాట్ చేశాను. మా సొంత కోడ్ పెన్‌డ్రైవ్‌లో భద్రంగానే ఉంది. ఇక మేం వాడిన ఓపెన్ సోర్స్ లైబ్రరీని మళ్లీ దించుకుంటే సరిపోతుంది. కమాండ్ కొట్టాను. ఎర్రర్. బ్రౌజర్‌లో లింకు తెరిచాను. 404! మూడు నెలలుగా రోజూ చూసిన పేజీ అక్కడ లేదు. దాన్ని రాసినాయన తన అకౌంటే తీసేసుకున్నాడు. అది ఆయన ఇష్టం. మనల్ని అడగాల్సిన పని లేదు కదా!

'నా దగ్గర జిప్ ఫైల్ ఉందిలే' అని ధీమాగా వెతికాను. దొరికింది. కానీ అందులో ఉన్నది కొత్త వెర్షన్. ఫంక్షన్ల పేర్లన్నీ మార్చేశారు. మా కోడ్ నడవాలంటే పాత వెర్షన్ కావాలి. జిప్‌లో ఆ ఒక్కరోజు ఫైళ్లే తప్ప పాత చరిత్ర ఉండదు. ఆ సంగతి నాకు ఆ రాత్రే తెలిసింది.

మా బ్యాచ్‌లో ఒకడున్నాడు. వాళ్ల ఊళ్లో సిగ్నల్ సరిగా అందదు. అందుకే సెలవులకు వెళ్లేముందు ల్యాబ్‌లో కూర్చుని, కావాల్సిన రిపాజిటరీలన్నీ క్లోన్ చేసుకుని వెళ్లేవాడు. 'ఏరా, ఇంటర్నెట్ మొత్తం మూటగట్టుకుని ఊరికి పోతున్నావా?' అని మేం తెగ ఆటపట్టించేవాళ్లం. ఆ రాత్రి వాడి గది తలుపు కొట్టాం. కళ్లు నులుముకుంటూ పాత ల్యాప్‌టాప్ తెరిచాడు. అందులో ఆ లైబ్రరీ పూర్తి క్లోన్ ఉంది. పాత వెర్షన్ ట్యాగ్ పేరు చెప్తే ఒక్క కమాండ్‌తో అక్కడికి వెళ్లాడు. మా ప్రాజెక్టు నడిచింది. 'రేపు టిఫిన్ నీదే మామా' అని మళ్లీ ముసుగు తన్నాడు.

ఆ రివ్యూలో నాకు ఎన్ని మార్కులొచ్చాయో ఇప్పుడు గుర్తులేదు. కానీ ఆ పాఠం మాత్రం ఉద్యోగంలో చేరాకా రోజూ పనికొస్తోంది. మీరు ఆధారపడే కోడ్ మీ దగ్గర లేకపోతే, మీ ప్రాజెక్టు సగం మీది కానట్టే.

పెద్ద పేరుంటే చాలా?

'గిట్‌హబ్ అంత పెద్ద సంస్థ, అదెక్కడికి పోతుంది?' అని మీరు అడగొచ్చు. నిజమే, 2018లో మైక్రోసాఫ్ట్ దాన్ని 750 కోట్ల డాలర్లకు కొనబోతున్నట్టు ప్రకటించింది. రేపే మూతపడుతుందని ఎవరూ అనడం లేదు. కానీ పెద్ద పేరును చూసి నిశ్చింతగా ఉన్నవాళ్లకు గతంలో ఏమైందో ఒకసారి చూడండి.

గూగుల్ కోడ్ అనే సర్వీసు ఉండేది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఒకప్పుడు అది పెద్ద అడ్డా. నడిపింది గూగుల్. 2015 మార్చిలో మూసేస్తున్నామని ప్రకటించి, 2016 జనవరిలో ఆపేసింది. గిటోరియస్ అనే మరో సైటును 2015లో గిట్‌ల్యాబ్ కొనుక్కుంది. ఆ ఏడాదే దాన్ని మూసేశారు. గడువులోగా కోడ్‌ను తరలించుకున్నవాళ్లు బయటపడ్డారు. యజమాని పట్టించుకోని ప్రాజెక్టులు ఉన్నచోటే మిగిలిపోయాయి.

సైటు బాగానే ఉన్నా దారి మూసుకుపోవచ్చు. 2014 డిసెంబరు చివర్లో మన దేశంలోనే అలా జరిగింది. ఐసిస్‌కు సంబంధించిన సమాచారం ఉందన్న కారణంతో ప్రభుత్వ ఆదేశాల మేరకు 32 సైట్లను అడ్డుకున్నారు. ఆ జాబితాలో పేస్ట్‌బిన్, విమియో, ఇంటర్నెట్ ఆర్కైవ్‌తో పాటు గిట్‌హబ్ కూడా ఉంది! తర్వాత తెరిచారనుకోండి. ఆ కొన్ని రోజుల్లో డెడ్‌లైన్ ఉన్నవాళ్ల పరిస్థితి ఊహించుకోండి.

ఇక 2016 మార్చిలో జరిగిన లెఫ్ట్‌ప్యాడ్ కథ చాలామంది వినే ఉంటారు. అది కేవలం 11 లైన్ల జావాస్క్రిప్ట్ కోడ్. ఎన్‌పీఎం సంస్థతో గొడవపడి రచయిత తన ప్యాకేజీలన్నీ వెనక్కి తీసుకున్నాడు. దానిమీద ఆధారపడ్డ ప్రాజెక్టుల బిల్డ్‌లు ప్రపంచమంతా ఆగిపోయాయి. కొద్ది గంటల్లోనే ఎన్‌పీఎం దాన్ని మళ్లీ అందుబాటులోకి తెచ్చింది. 2020 అక్టోబరులో యూట్యూబ్-డీఎల్ అనే టూల్‌ను కాపీరైట్ ఫిర్యాదుతో గిట్‌హబ్ తొలగించింది. మరుసటి నెలలో తిరిగి పెట్టింది. ఈ మధ్యలో పని ఆగనిది ఎవరికి? సొంత కాపీ ఉన్నవాళ్లకే.

అంతెందుకు, మీ సంగతే చూడండి. గిట్‌హబ్ అకౌంట్‌ను ఏ మెయిల్‌తో తెరిచారు? కాలేజీ మెయిల్‌తోనా? డిగ్రీ అయ్యాక దాన్ని కాలేజీ ఆపేస్తే పాస్‌వర్డ్ మార్చుకునే దారి పోతుంది. కోడ్ పెట్టేవాళ్లకు 2023 నుంచి రెండంచెల లాగిన్‌ను గిట్‌హబ్ తప్పనిసరి చేస్తూ వచ్చింది. ఫోన్ పోయి, రికవరీ కోడ్‌లు రాసిపెట్టుకోకపోతే, రెజ్యూమెలో ఇచ్చిన లింకు అందరికీ కనిపిస్తుంది. లోపలికి వెళ్లలేనిది మీరొక్కరే!

అసలు మిర్రర్ అంటే?

గిట్‌ను లినస్ టోర్వాల్డ్స్ 2005లో రాశారు. అప్పటిదాకా లినక్స్ కెర్నెల్ డెవలపర్లు వాడుతున్న బిట్‌కీపర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత లైసెన్సును ఆ కంపెనీ వెనక్కి తీసుకోవడమే దానికి కారణం. ఒకరి చేతిలో ఉన్న తాళం మీద ఆధారపడితే ఏమవుతుందో తెలిసొచ్చాక పుట్టిన టూల్ అది. అందుకే గిట్‌లో ప్రతి పూర్తి క్లోన్‌కూ మొదటి కమిట్ నుంచి చరిత్రంతా వస్తుంది. మనమేమో ఆ సౌకర్యాన్ని చేతిలో పెట్టుకుని, బ్రౌజర్‌లో జిప్ బటన్ నొక్కుతాం.

కాపీల్లో తేడాలు తెలుసుకోండి. జిప్‌లో ఒకరోజు ఫైళ్లు మాత్రమే ఉంటాయి. 'డెప్త్ 1' అని పెట్టి చేసే క్లోన్‌లో చివరి కమిట్ మాత్రమే వస్తుంది. డేటా తక్కువ ఖర్చవుతుంది కానీ చరిత్ర ఉండదు. మామూలు క్లోన్‌లో చరిత్రతో పాటు మీరు పనిచేయడానికి ఫైళ్లూ వస్తాయి. మిర్రర్ క్లోన్‌లో పనిచేసే ఫైళ్లు కనిపించవు. దాన్ని 'బేర్' రిపాజిటరీ అంటారు. కానీ అసలు చోట ఉన్న బ్రాంచులు, ట్యాగులు, నోట్సు అన్నీ అవే పేర్లతో ఉన్నవి ఉన్నట్టు వస్తాయి.

చేయడం ఏమంత కష్టం కాదు. టెర్మినల్‌లో 'గిట్ క్లోన్' అని కొట్టి, రెండు అడ్డగీతలు పెట్టి 'మిర్రర్' అని రాసి, తర్వాత రిపాజిటరీ చిరునామా ఇవ్వండి. పేరు చివర 'డాట్ గిట్' ఉన్న ఫోల్డర్ తయారవుతుంది. వారం తర్వాత అసలు చోట ఏం మారిందో తెచ్చుకోవాలంటే ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి 'గిట్ రిమోట్ అప్‌డేట్' అనండి. కొత్తగా వచ్చిన మార్పులే దిగుతాయి కాబట్టి మొదటిసారి అయినంత డేటా కాదు. ఇదే కమాండ్‌ను లినక్స్‌లో క్రాన్‌కో, విండోస్‌లో టాస్క్ షెడ్యూలర్‌కో అప్పగిస్తే రోజూ రాత్రి దానంతటదే జరిగిపోతుంది.

పని చేసుకోవాలంటే మిర్రర్‌లో చేయి పెట్టకండి. ఆ ఫోల్డర్ దారి ఇచ్చి దాని నుంచే మరో మామూలు క్లోన్ తీసుకోండి. నెట్ అక్కర్లేదు. హాస్టల్‌లో ఒకరి దగ్గర మిర్రర్ ఉంటే మిగతావాళ్లు లోకల్ నెట్‌వర్క్ మీద దాన్నుంచే తీసుకోవచ్చు. పదిమంది పదిసార్లు దించే డేటా ఒక్కసారితో సరిపోతుంది. ఒక్క జాగ్రత్త. మొదటి ప్రయోగానికే లినక్స్ కెర్నెల్‌ను ఎంచుకోకండి. జీబీలకు జీబీలు దిగుతుంది, రోజువారీ డేటా అక్కడే అయిపోతుంది. మీ ప్రాజెక్టులో వాడుతున్న చిన్న లైబ్రరీతో మొదలుపెట్టండి.

అద్దం అబద్ధం చెప్పదు.. అదే చిక్కు

ఇక్కడ చాలామంది పొరబడతారు. మిర్రర్ ఉంది కాబట్టి బ్యాకప్ కూడా ఉన్నట్టే అనుకుంటారు. కాదు. పేరులోనే ఉంది కదా, అది అద్దం. ఎదురుగా ఉన్న మొహానికి మసి అంటితే అద్దంలోనూ మసే కనిపిస్తుంది.

దీనికి కేడీఈ అనుభవాన్ని మించిన ఉదాహరణ లేదు. లినక్స్ డెస్క్‌టాప్‌లలో పేరున్న ప్రాజెక్టు అది. 2013 మార్చిలో వాళ్ల ప్రధాన గిట్ సర్వర్‌ను అప్‌డేట్ల కోసం ఆపి, తిరిగి ఆన్ చేశారు. ఫైల్ సిస్టమ్ దెబ్బతింది. అందులో దాదాపు 1500 రిపాజిటరీలున్నాయి. 'పర్లేదు, వేరే చోట్ల మిర్రర్ సర్వర్లు ఉన్నాయిగా' అనుకోవడం సహజమే. తీరా చూస్తే ఆ మిర్రర్లు తమ పని తాము నమ్మకంగా చేసేశాయి. ప్రధాన సర్వర్‌లో జరిగిన నష్టాన్నే తమలోకీ దించేసుకున్నాయి! అదృష్టం కొద్దీ ఒక్క సర్వర్‌లో చెడిపోని కాపీ మిగిలింది. దాంతోనే అన్నీ తిరిగి నిలబెట్టారు.

మీ చిన్న మిర్రర్‌కూ ఇదే సూత్రం. అసలు రిపాజిటరీని పూర్తిగా తీసేస్తే మీ అప్‌డేట్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, పాత కాపీ పదిలంగానే ఉంటుంది. కానీ యజమాని చరిత్రను తిరగరాసి బలవంతంగా పుష్ చేస్తే, తర్వాతి అప్‌డేట్‌లో మీ దగ్గరా అదే వచ్చి కూర్చుంటుంది. 'ప్రూన్' అనే ఆప్షన్ కూడా పెట్టారంటే అక్కడ తీసేసిన బ్రాంచులు ఇక్కడా మాయమవుతాయి.

విరుగుడు సులువే. నెలకోసారి 'గిట్ బండిల్ క్రియేట్' కమాండ్‌కు ఫైల్ పేరు, 'ఆల్' ఆప్షన్ ఇవ్వండి. రిపాజిటరీ కమిట్లు, బ్రాంచులు, ట్యాగులు మొత్తం ఒకే ఫైల్‌గా తయారవుతాయి. పేరులో తేదీ పెట్టి పెన్‌డ్రైవ్‌లోనో, బయటి హార్డ్‌డిస్క్‌లోనో వేసి తీసి పక్కన పెట్టండి. దీన్ని ఏ అప్‌డేటూ తాకదు. కావాల్సినప్పుడు ఆ ఫైల్ నుంచే క్లోన్ చేసుకోవచ్చు. మిర్రర్ నేటి కోసం, బండిల్ రేపటి కోసం. మన రైతులు పంట ఎంత బాగా పండినా విత్తనాలు వేరుగా దాచేవాళ్లు. ఇదీ అంతే.

దాచడంతో పని అయిపోదు. అప్పుడప్పుడు మిర్రర్‌లో 'గిట్ ఎఫ్ఎస్‌సీకే' నడిపితే లోపల ఏదైనా పాడైందేమో చెబుతుంది. మూడు నెలలకోసారి బండిల్ నుంచి ఖాళీ ఫోల్డర్‌లోకి క్లోన్ చేసి, ప్రాజెక్టును నడిపి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్ముకోవడం, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం లాంటిదే.

అందులో రానివి ఏంటి?

ఆ రాత్రి మా స్నేహితుడి క్లోన్ మమ్మల్ని గట్టెక్కించింది. కానీ ఒక చిన్న బగ్‌కు పరిష్కారం ఆ రిపాజిటరీ 'ఇష్యూస్' పేజీలో చదివినట్టు గుర్తు. అది మాత్రం మళ్లీ దొరకలేదు. ఎందుకంటే ఇష్యూలు, వాటి కింద చర్చలు గిట్‌లో ఉండవు. అవి ఆ సైటు డేటాబేస్‌లో ఉంటాయి.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో జరిగిన పొరపాటు ఈ తేడాను బాగా చూపిస్తుంది. ఒక ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్‌నే డిలీట్ చేశారు. బ్యాకప్ కోసం పెట్టుకున్న పద్ధతులు ఒకదాని తర్వాత ఒకటి అక్కరకు రాలేదు. చివరికి ఆరు గంటల కిందటి కాపీతో కోలుకున్నారు. ఆ ఆరు గంటల్లో రాసిన ఇష్యూలు, కామెంట్లు పోయాయి. గిట్ రిపాజిటరీలు మాత్రం చెక్కుచెదరలేదు. తప్పు దాచకుండా ఏం జరిగిందో ఆ సంస్థ పూర్తిగా బయటపెట్టింది. దొరికితే చదవండి. ఏ కోర్సులోనూ చెప్పని పాఠం అది.

కాబట్టి ముఖ్యమైన ఇష్యూ పేజీలను విడిగా సేవ్ చేసుకోండి. వికీ ఉంటే అది గిట్‌హబ్‌లో వేరే రిపాజిటరీ, దాన్నీ క్లోన్ చేయాలి. సబ్‌మాడ్యూల్స్ ఉంటే ఒక్కోదాన్నీ విడిగా తెచ్చుకోవాలి. మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టుల్లో పెద్ద మోడల్ ఫైళ్లు తరచూ గిట్ ఎల్ఎఫ్ఎస్‌లో ఉంటాయి. మిర్రర్‌లోకి వాటి గుర్తులే వస్తాయి తప్ప అసలు ఫైళ్లు రావు. విడుదల పేజీలో పెట్టిన ఇన్‌స్టాలర్లూ అంతే.

హద్దులు తెలిసుండాలి

కాపీ తీసుకోవడం తప్పా? ఓపెన్ సోర్స్ లైసెన్సు ఉంటే తప్పు కాదు, ఆ లైసెన్సే అనుమతి ఇస్తుంది. ముందుగా లైసెన్స్ ఫైల్ చదవండి. అందరికీ కనిపిస్తున్నంత మాత్రాన ఓపెన్ సోర్స్ అయిపోదు. ఇంకొకరి రిపాజిటరీని మీ అకౌంట్‌లో పెట్టుకుని, పేర్లు తీసేసి, రెజ్యూమెలో మీ ప్రాజెక్టుగా చూపించకండి. కమిట్ చరిత్ర అడిగితే రెండు నిమిషాల్లో దొరికిపోతారు.

రేపు ఉద్యోగంలో చేరాక ఇంకో హద్దు ఉంటుంది. కంపెనీ కోడ్‌ను సొంత ల్యాప్‌టాప్‌లోకి, సొంత పెన్‌డ్రైవ్‌లోకి మిర్రర్ చేయడం జాగ్రత్త అనిపించుకోదు. ఉద్యోగం పోయే తప్పు అది. అక్కడ ఏం చేయాలన్నా ఆఫీసు పద్ధతిలోనే చేయాలి.

మరో మాట. మీ రిపాజిటరీలో పొరపాటున పాస్‌వర్డో, ఏపీఐ కీనో పెట్టేశారనుకోండి. తర్వాతి కమిట్‌లో తీసేసినా చరిత్రలో ఉంటుంది. చరిత్రలోంచి తుడిచినా, అప్పటికే ఎవరి మిర్రర్‌లోకి వెళ్లిందో మీకు తెలియదు. వెంటనే ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవడమే దారి.

అలాగే 'గిట్ పుష్'కు 'మిర్రర్' ఆప్షన్ కలిపి వాడేటప్పుడు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. మీ దగ్గర లేని బ్రాంచులను అది అవతల కూడా తీసేస్తుంది. ఎటు నుంచి ఎటు పంపుతున్నారో తికమకపడితే క్షణంలో నష్టం జరిగిపోతుంది.

ఉద్యోగానికి దీంతో ఏం పని?

'మిర్రర్ పెట్టడం వచ్చు' అని రెజ్యూమెలో ఒక లైను రాస్తే ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. రాయకండి కూడా. కానీ ఇంటర్వ్యూలో ఫెచ్‌కు, పుల్‌కు తేడా ఏంటని అడుగుతారు. బేర్ రిపాజిటరీ ఎందుకని అడుగుతారు. బట్టీ కొట్టిన జవాబు ఒక వాక్యంతో ఆగిపోతుంది. 'మా ప్రాజెక్టు ఆధారపడిన మూడు లైబ్రరీలకు మిర్రర్ పెట్టాం, రోజూ రాత్రి అప్‌డేట్ అవుతుంది, నెలకోసారి బండిల్ తీస్తాం, ఒకసారి దాన్నుంచి తిరిగి నడిపి చూశాం' అని చెప్పగలిగితే సంభాషణ వేరేగా సాగుతుంది. కోడ్ రాయడం వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. 'ఇది ఆగిపోతే ఏం చేద్దాం?' అని ముందే ఆలోచించేవాళ్లు తక్కువ. టీమ్‌లో బాధ్యత అప్పగించాల్సి వచ్చినప్పుడు మేనేజర్ చూపు వాళ్ల మీదే పడుతుంది.

కాలేజీలకూ ఒక మాట. ఐఐటీ కాన్పూర్ వంటి చోట్ల లినక్స్ మిర్రర్లు నడిపిన సంప్రదాయం మన దేశంలో ఉన్నదే. అంత పెద్దది అక్కర్లేదు. ల్యాబ్‌లో మూలపడి ఉన్న ఒక పాత కంప్యూటర్, ఒక హార్డ్‌డిస్క్ ఉంటే చాలు. ఆ ఏడాది ప్రాజెక్టుల్లో వాడుతున్న లైబ్రరీలన్నిటికీ మిర్రర్ పెట్టొచ్చు. నడిపే బాధ్యత మూడో సంవత్సరం విద్యార్థులకు ఇవ్వండి. సర్వర్ నిర్వహణ, క్రాన్, నెట్‌వర్క్, లైసెన్సులు... అన్నీ అక్కడే నేర్చుకుంటారు. మీ కాలేజీ తనంతట తాను చేయకపోతే, మీరే నలుగురు కలిసి హెచ్ఓడీ గారి దగ్గరకు వెళ్లి అడగండి.

ఈరోజు రాత్రే ఒక పని చేయండి. మీ ప్రాజెక్టు ఏయే రిపాజిటరీల మీద ఆధారపడిందో కాగితం మీద రాయండి. 'ఇది రేపు లేకపోతే మన పని ఆగుతుందా?' అని ఒక్కోదాని గురించీ అడగండి. ఆగుతుందని అనిపించిన వాటికి మిర్రర్ పెట్టండి. మీ సొంత రిపాజిటరీతో మొదలుపెట్టడం మర్చిపోకండి. గిట్‌హబ్ అకౌంట్‌కు సొంత మెయిల్ జత చేసి, రికవరీ కోడ్‌లు కాగితం మీద రాసి సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టండి. మొత్తం కలిపి గంట పని.

మా బ్యాచ్‌లో వాడికి అర్ధరాత్రి తలుపు కొడితే తీసే మంచితనం ఉంది కాబట్టి మేం బయటపడ్డాం. ప్రతిసారీ అలాంటివాడు పక్క గదిలో ఉండడు. మీ బ్యాచ్‌లో ఆ ఒక్కరు మీరే అవ్వండి. టిఫిన్ ఖర్చు కూడా మిగులుతుంది!